పెద్ద హాలుకు పాత సామాను

కర్నూలు,
ఆషాఢ శుక్రవారం, 1937.

పూజ్యులైన వదినగారికి,

మరదలు రాజ్యలక్ష్మి మీ పాదాలకు మొక్కి రాసేది. నన్ను మీరు చూడలేదు, మిమ్మల్ని నేను చూడలేదు. భర్త పోయిన ఆడది శుభకార్యానికి రాకూడదని మా పెళ్లికి మీరే ఆగిపోయారని మీ తమ్ముడు చెప్పారు. కడప ఇంట్లో ఒంటరిగా ఉండి ఇల్లు కనిపెట్టుకుంటున్న ఆడబిడ్డకు ఒక్క జాబైనా రాయకపోతే నేనేం మనిషిని అనిపించి ఈ రోజు కలం పట్టాను.

అసలు సంగతి మన కొత్త ఇంటి పెద్ద హాలు గురించి. మా వీధిలో అందరికీ కొత్త సామాను పిచ్చి. మద్రాసు నుంచి పెట్టెలకు పెట్టెలు దింపుకుంటారు. నాకు మాత్రం పాతదే ముద్దు. పాతవూళ్లో నవాబుల చుట్టం ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే పోయి ఒక నిలువుటద్దం తెచ్చాను. చట్రం నిండా ద్రాక్షగుత్తులు చెక్కి ఉన్నాయి, సగం పురుగు తినేసింది. ఇమాం బాషా అని ఒక పాలిషు పనివాడు ఉన్నాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, పోయిన గుత్తుల చోట కొత్తవి చెక్కి అతికించి, లక్క పాలిషు పట్టాడు. "ఇంగ చూడమ్మా, నవాబే లేసొచ్చినా తనదని గుర్తుపట్టడు" అన్నాడు. ఊరు విడిచిపోయిన ఒక దొర ఇంటి వేలంలో పేము కుర్చీలు దొరికాయి. రంగుగాజు లాంతర్లు ఒక పాత సావిడి అటక మీద మసి పట్టి ఉంటే కడిగించి వేలాడదీశాను. ఎండ పడితే గచ్చు మీద ఎరుపూ నీలమూ ఆడతాయి. మీరు చూడాలి వదినా!

వీటన్నిటి మధ్య, ఎదురు గోడకు పోయిన అక్క సుబ్బరత్నమ్మ పటం పెట్టించాను. మీ తమ్ముడి పెట్టె అడుగున చెమ్మకు మచ్చలు పడి దొరికింది. పెయింటరు చేత ముఖానికి రంగు వేయించి, చీరకు పచ్చరంగు దిద్దించి, టేకు చట్రం కట్టించాను. రోజూ దండ వేసి దీపం పెడతాను. పెళ్లినాడే మా అమ్మ అక్క పేర బంగారు సవతి బిళ్ళ చేయించి నా మెడలో వేసింది. పోయిన మొదటి భార్య పీడించకుండా ఉండాలంటే రెండో భార్య వేసుకోవాలి కదా. నేను కొత్త చీర కట్టినా, హాల్లోకి ఏ వస్తువు తెచ్చినా ముందు అక్కకు చూపించి "అక్కా, ఇది నీది" అని చెప్పాకే ముట్టుకుంటాను. నాకు భయమని కాదు. అలా చేస్తే మనసుకు బాగుంటుంది.

హాల్లో ఒక్క వెలితి ఉంది. అక్క కాపురానికి తెచ్చుకున్న ఉయ్యాల బల్ల అక్కడే ఉందట, ఇత్తడి గొలుసులతో సహా. ఇప్పుడు దాని మీద ఊగేవాళ్లు ఎవరున్నారు? రైలు పార్సిల్లో పంపించండి. ఇంకా పాత సామాను ఏమేముందో రాయండి.

మీ మరదలు,
రాజ్యలక్ష్మి

*

కడప.

శ్రీవారికి,

సుబ్బరత్న రాసేది. కొట్టు విలాసానికి రాస్తున్నాను. ఇంటికి రాస్తే దయ్యం రాసిందని మీ ఇంట్లో వాళ్లు జడుసుకుంటారు.

మీ రాజ్యలక్ష్మి నాకు జాబు రాసింది. వదినగారూ అంది. మీ అక్క గురవమ్మ పోయి ఎన్నేళ్లయింది? పాడె మోసింది మీరే కదా! పోయిన మనిషిని బతికించారు, బతికున్న నన్ను చంపారు. ఏం మనిషండీ మీరు?

పిల్లలు లేరు, రెండో పెళ్లి చేసుకోండి అని చెప్పింది నేనే. కాదనను. వచ్చిన పిల్లా నేనూ ఒక ఇంట్లో ఉంటాం, దాని బిడ్డను నేనూ ఎత్తుకుంటాను అనుకున్నాను. నన్ను చంపి చేసుకోమని ఎప్పుడు చెప్పాను? కర్నూల్లో వ్యాపారం కుదురుకోగానే పిలిపిస్తాను అన్నారు. నేను వెర్రిదాన్ని, పెట్టె సర్దిపెట్టుకుని కూర్చున్నాను.

నా ముఖానికి రంగు వేయించారట. నా చీర ఎర్రది, దానికి పచ్చరంగు దిద్దించారట. రోజూ దండ వేస్తారట. ఆ పూలు మార్కెట్టు నుంచి తెచ్చేది మీరేనా? తెచ్చేటప్పుడైనా కడపలో ఒకతికి ఈ నెల బియ్యం పోలేదని గుర్తుకు రాలేదా?

నాకు హాలు వద్దు, అద్దాలు వద్దు. ఆ పిల్లకు నిజం చెప్పండి. సుబ్బరత్న బతికే ఉంది, ఆమె నా భార్య అని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. తర్వాత నన్ను వంటింటి మూలలో పడుకోమన్నా పడుకుంటాను.

సుబ్బరత్న

*

కర్నూలు.

సుబ్బరత్నకు,

ఇక్కడ అంతా క్షేమం. నీ జాబు అందింది. ఇటువంటివి కొట్టుకు రాయవద్దు, గుమాస్తాలు చదువుతారు.

బతికున్న భార్య మీదికి కూతురిని ఇవ్వనని రాజ్యం వాళ్ల నాన్న పట్టుబట్టాడు. ఒక మాట అన్నాను, పని అయింది. మాటే కదా? నీ ఒంటికి దెబ్బ తగిలిందా? ఈ కొట్టు ఆయన అండతో నడుస్తోంది. ఇక్కడి వర్తక సంఘానికి పెద్ద ఆయనే. ఆయన ముఖం తిప్పుకుంటే నేను రోడ్డున పడతాను. నేను పడితే నీకు మాత్రం అన్నం ఎక్కడిది?

వదినగా నాలుగు ముక్కలు రాస్తే నీ సొమ్మేమీ పోదు. గురవమ్మక్క పేరు పెట్టుకో. ఉయ్యాల పంపు. గోల చేశావంటే కడప ఇల్లు కేశవయ్యకు అమ్మేస్తాను. పత్తి గోదాముకు కావాలని ఎప్పటినుంచో నా వెంట పడుతున్నాడు. అప్పుడు ఏ గడప ఎక్కుతావో చూసుకో. పుట్టింట్లో నీకు ఎవరూ లేరన్న సంగతి నీకు ఒకరు గుర్తు చేయాలా?

లక్ష్మీనరసయ్య

*

కడప,
శ్రావణం.

చిరంజీవి సౌభాగ్యవతి మరదలు రాజ్యలక్ష్మికి,

వదిన గురవమ్మ దీవించి రాసేది. నీ జాబు నాలుగుసార్లు చదివాను. సవతిని ఇంత గౌరవంగా చూసుకునే పిల్ల నా తమ్ముడికి ఏ పుణ్యాన దొరికిందో!

ఉయ్యాల పంపుతున్నాను. దూలానికి ఉన్న కొక్కేలు ఒక పట్టాన ఊడిరాలేదు. ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ లాగారు. "ఎవురో పైనుంచి పట్టుకున్నట్టుండాదే" అన్నాడు ఒకడు. కూలోళ్ల మాటలకేం, నువ్వు పట్టించుకోకు.

సుబ్బరత్న ఎలాంటిదో నువ్వు అడగలేదు. పటానికి రోజూ దండ వేస్తున్నావు కాబట్టి తెలుసుకోవడం మంచిది. మంచి మనిషే. చేతికి ఎముక లేదు, అడిగినవాళ్లకు కాదనేది కాదు. అడక్కుండా తీసుకుంటే మాత్రం ఓర్చుకునేది కాదు. ఒకసారి పక్కింటి కోడలు, ఆమె ఇంట్లో లేనప్పుడు వచ్చి ఉయ్యాల మీద కూర్చుంది. ఆ సాయంత్రమే ఒళ్లు కాలిపోయే జ్వరం. మంచం మీద నుంచి లేవడానికి చాలా రోజులు పట్టింది. అప్పటికి సుబ్బరత్న బతికే ఉంది సుమా. ఇప్పుడేముంది, పాపం దండ వెనక కూర్చుంది.

పాలిషు బాగా పట్టించు. ముచ్చటగా ఊగు.

ఇట్లు,
గురవమ్మ

*

కర్నూలు,
భాద్రపదం.

పూజ్యులైన వదినగారికి,

ఉయ్యాల వచ్చింది. ఇమాం బాషా దాన్ని చూసి "ఇట్లాంటి టేకు ఇప్పుడు యాడ దొరుకుతాదమ్మా! శానా పాతదమ్మా ఇది" అని మురిసిపోయాడు. గొలుసులు చింతపండు వేసి తోమించాను. అద్దానికి ఎదురుగా వేలాడదీయించాను. ఊగుతుంటే అద్దంలో నేనూ, నా వెనక అక్క పటమూ ఇద్దరం కనిపిస్తాం. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. మా పిన్నమ్మకైతే కడుపుమంట దాచుకోవడం చేతకాలేదు, "రెండో పెళ్లికి ఇన్ని సోకులా" అనేసింది.

ఇంకొక మాట. నాకు మూడో నెల. మీకు ముందే రాయాల్సింది, సిగ్గేసింది.

నిన్న మధ్యాహ్నం ఉయ్యాల మీద ఒత్తిగిలి పడుకున్నాను. ఒక పక్క గొలుసు కొక్కెం జారి కింద పడ్డాను. దెబ్బ పెద్దది కాదు, మోచెయ్యి గీసుకుంది. లేచి చూస్తే అక్క పటం మీది దండ తెగి నేల మీద ఉంది వదినా! పొద్దున నేనే గట్టిగా కట్టాను. మీరు రాసిన పక్కింటి కోడలు గుర్తుకొచ్చింది. మీ తమ్ముడికి చెబితే "కొక్కెం సరిగ్గా బిగించలేదు, అంతే" అని నవ్వారు. అక్క మాట ఎత్తితే ఆయన ముఖం ఒక రకంగా అయిపోతుంది. ఇంకా దుఃఖం తీరలేదనుకుంటాను.

నేను ఏం తప్పు చేశాను? అక్కకు కోపం పోవాలంటే ఏం చేయాలి? దాచకుండా రాయండి. మా అమ్మకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

రాజ్యలక్ష్మి

*

కడప.

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యలక్ష్మికి,

కడుపుతో ఉన్నావని తెలిసి సంతోషించాను. పడ్డావని తెలిసి ఆశ్చర్యపోలేదు. చెప్పకూడదనుకున్నాను, నువ్వే అడిగావు కాబట్టి చెబుతున్నాను.

సుబ్బరత్న బిడ్డ కోసం ఎన్ని నోములు నోచిందో నాకు తెలుసు. మొక్కని రాయి లేదు. ఆమె ఉయ్యాల మీద, ఆమె మొగుడు తెచ్చిన పూలు పెట్టుకుని, ఆమెకు లేని కడుపుతో నువ్వు ఊగుతున్నావు. ఎదురుగా కూర్చోబెట్టి మరీ చూపిస్తున్నావు. నీకే అయితే ఎలా ఉంటుంది? "అక్కా ఇది నీది" అంటావట. నోటితో అంటే సరిపోతుందా? ఆమెది ఆమెకు ఇచ్చేయాలి.

ఉయ్యాల మీద ఇక కూర్చోకు. తిరిగి ఇక్కడికి పంపు, దాని కొక్కేలకు తగిలిస్తాను. ఆ అద్దంలో ఆమె పటం కనిపిస్తోందన్నావు, ఇక అద్దం కూడా ఆమెదే అనుకో. అది కూడా పంపు. రంగు లాంతర్లంటే ఆమెకు శానా ఇష్టం. నువ్వు పూలు పెట్టుకోవడం మానెయ్. శుక్రవారాలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకు. మంచం ఎక్కకు, పటం కింద గచ్చు మీద చాప వేసుకుని పడుకో. నీ మొగుడికి చెబితే ఫలితం ఉండదు. ఆడవాళ్ల మధ్య సంగతి ఇది.

కష్టమే. కడుపులో బిడ్డ నీకు కావాలనుకుంటే చెయ్యి, లేకుంటే నీ ఇష్టం.

గురవమ్మ

*

కర్నూలు,
కార్తీకం.

పూజ్యులైన వదినగారికి,

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఉయ్యాల రైల్లో వేయించాను. అద్దం పగులుతుందని భయపడి ఇమాం బాషాను తోడిచ్చి పంపుతున్నాను, గడ్డి చుట్టి గోనె కుట్టాడు. గుంతకల్లులో రైలు మార్చేటప్పుడు దగ్గరుండి ఎక్కిస్తానన్నాడు. లాంతర్లు కూడా అతని చేతికే ఇచ్చాను. అన్నం పెట్టి పంపండి, నోరు మంచిది కానీ ఆకలికి ఆగలేడు.

హాలు బోసిపోయింది. పేము కుర్చీలూ, అక్క పటమూ మిగిలాయి. మీ తమ్ముడు "ఇల్లు దోచుకుపోయినట్టుందే, సామాను ఏమైంది" అని అరిచారు. కడపకు అని చెప్పాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మా అమ్మ వచ్చి చూసి "ఏందే ఈ అవతారం, కడుపుతో ఉండేదానివి నేలమీద పడుకుంటాండావు" అని నెత్తి బాదుకుంది. మొక్కు అని చెప్పాను.

గచ్చు చల్లగా ఉంటుంది వదినా. నడుము పట్టేస్తోంది. శుక్రవారం సాయంత్రానికి కళ్లు తిరుగుతున్నాయి. అయినా బిడ్డ కదులుతోంది, మొన్నటి నుంచి నాకు బాగా తెలుస్తోంది. కదిలినప్పుడల్లా పటం వైపు చూసి "అక్కా, ఇది కూడా నీదే" అంటున్నాను. అలా అనవచ్చా? తప్పయితే చెప్పండి.

ఇంక చాలు అని అక్క అన్నట్టు మీకేమైనా కల వస్తే వెంటనే రాయండి.

రాజ్యలక్ష్మి

*

కర్నూలు.

సుబ్బరత్నకు,

సామాను అక్కడికి ఎందుకు వస్తోంది? రాజ్యం తిండి మానేసి గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఆ పిల్లకు ఏం రాస్తున్నావు? నువ్వు ఆపకపోతే బాగుండదు.

లక్ష్మీనరసయ్య

*

కడప.

శ్రీవారికి,

నేను ఏమీ రాయడం లేదు. రాస్తున్నది మీ అక్క గురవమ్మ. ఆమె నోరు మూయించాలంటే మీ ఆవిడకు ఒక్క మాట చెప్పండి, సుబ్బరత్న బతికే ఉందని. ఆ నిమిషం నుంచి ఆ పిల్లకు భయం ఉండదు. మంచం ఎక్కుతుంది, కడుపునిండా తింటుంది. మీ చేతిలో పని. చెప్పలేరా? అయితే చూస్తూ ఉండండి.

సుబ్బరత్న

*

కడప.

చిరంజీవి సౌభాగ్యవతి రాజ్యలక్ష్మికి,

అన్నీ అందాయి. ఉయ్యాల దాని చోటికి అది వచ్చింది. అద్దం పడసాలలో పెట్టించాను, లాంతర్లు వసారాలో. నీ ఇమాం బాషాకు మజ్జిగ పోసి కడుపునిండా పెట్టి పంపాను. అతని చేతిపని చూసి ముచ్చటపడ్డాను. రోజూ ఆ అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటే ఇల్లు ఇల్లులా ఉంది.

కల అడిగావు. నాకు ఏ కలా రాలేదు. కాబట్టి శుక్రవారాలు ఆపకు. పేము కుర్చీలు కూడా ఉన్నాయన్నావు కదా?

గురవమ్మ

*

కర్నూలు,
పుష్యం, 1938.

పూజ్యులైన వదినగారికి,

మీ పాదాలకు మొక్కి రాసేది. ఆరో నెలలో నా బిడ్డ పోయింది. మగబిడ్డ. శుక్రవారం పొద్దున పటం కిందే నొప్పులు వచ్చాయి. ఆస్పత్రికి తీసుకుపోయేలోగా అయిపోయింది. ఒంట్లో రక్తమే లేదని డాక్టరమ్మ మా అమ్మను తిట్టింది.

నన్ను చూడడానికి ఇమాం బాషా వచ్చాడు. గడప దగ్గరే నిలబడి ఏడ్చాడు. ఓదారుస్తూ "మీ వదినమ్మను పిలిపిచ్చుకోమ్మా, మంచి మనిషి, నాకు ముద్దలు కలిపి పెట్టె" అన్నాడు. పాపం, విధవరాలు, ఎలా వస్తుంది అన్నాను. "విధవ యాడమ్మా? మొగాన రూపాయంత బొట్టు పెట్టుకోని, కాళ్లకు పసుపు రాసుకోని, మెట్టెలేసుకోని ఎదురొచ్చె! తాళి పైట మీదే ఉండాది. శెట్టిగారు యెట్లుండారు, ఆరోగ్యం బాగుండాదా అని రెండుసార్లు అడిగె" అన్నాడు. తర్వాత పటం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మీ తమ్ముడిని కూర్చోబెట్టి అడిగాను. మొదట అరిచారు, తర్వాత అంతా చెప్పారు. మగవాళ్లు ఎంత సులభంగా ఏడుస్తారో ఆ రోజు చూశాను.

మీ మీద నాకు జాలి కలగాలని అనుకున్నాను. ఆయన చేసింది తప్పు. మీరు మొదటి జాబులోనే "నేను సుబ్బరత్నను" అని రాసి ఉంటే నేను వచ్చి మీ కాళ్లు పట్టుకునేదాన్ని. నా తల్లి మీద ఒట్టు. మీరు రాయలేదు. నేను కడుపుతో ఉన్నానని చెప్పాక నేల మీద పడుకోమన్నారు. బిడ్డ కదులుతోందని రాస్తే పేము కుర్చీలు అడిగారు.

కాబట్టి వినండి. కర్నూల్లో సుబ్బరత్నమ్మ చనిపోయింది. అందరికీ తెలుసు. పటం ఉంది, దండ ఉంది, నా మెడలో బిళ్ళ ఉంది. వచ్చే నెల ఆమె పేర బంధువులందరినీ పిలిచి అన్నదానం చేయిస్తున్నాను. అది అలాగే ఉంటుంది.

కడప ఇల్లు కేశవయ్యకు అమ్మమని ఆయనతో ఒప్పించాను. దస్తావేజు తయారవుతోంది. సామాను కూడా ఇంటితో పాటే పోతుంది. మీకు వెళ్లడానికి చోటు లేదని విన్నాను. ఇక్కడికి రండి. వెనక గొడ్ల కొట్టాం పక్కన గది ఖాళీగా ఉంది. వదిన గురవమ్మగానే రావాలి. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తాళి తీసి, తెల్లచీర కట్టుకుని రండి. ముత్తయిదువలా వస్తే గడప తొక్కనివ్వను. హాలు మళ్లీ నింపుతున్నాను, పాత సామాను చాలా వస్తోంది. రోజూ తుడవడానికి మనిషి కావాలి. పటానికి దండ కూడా మీరే వేద్దురుగాని.

మీ మరదలు,
రాజ్యలక్ష్మి

*

కడప.

శ్రీవారికి,

ఇల్లు అమ్మకండి. మీ కాళ్లు పట్టుకుంటున్నాను. ఎవరికీ ఏమీ చెప్పను, ఇంక ఎవరికీ జాబు రాయను. సామాను మొత్తం వెనక్కి పంపేస్తాను. మీరు బతికుండగా నా చేత తాళి తీయించకండి. మీ ప్రాణానికే మంచిది కాదు.

సుబ్బరత్న

*

కర్నూలు.

సుబ్బరత్నకు,

నా చేతిలో ఏమీ లేదు. రాజ్యం చెప్పినట్టు చెయ్యి. ఏమైనా ఉంటే ఆమెకే రాయి, నాకు రాయకు.

ల. న.

*

కడప,
మాఘం.

రాజ్యలక్ష్మికి,

నీ బిడ్డ పోయిందని చదివిన రోజు అన్నం తినలేదు. మరునాడు తిన్నాను. ఎత్తుకుందామనుకున్న బిడ్డే అది. ఇంతకంటే దాని గురించి నేను ఏమి రాసినా నువ్వు నమ్మవు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్కటి కూడా తప్పించలేదు. అయితే ఇంట్లో తలుపులు వేసుకుని తాళి తీస్తే రేపు బయట ఎవరైనా అడుగుతారు కదా? ఈ వీధిలో నన్ను పెళ్లికూతురిగా దింపుకున్నప్పటి నుంచి అందరికీ తెలుసు. ముఖాన బొట్టు లేకుండా రైలెక్కితే "ఏమైందే సుబ్బరత్నా" అని అడగరా? అందుకని నేనే ముందు చెప్పాను. వీధిలోకి వచ్చి, జుట్టు విరబోసుకుని "మా ఆయన పోయినాడమ్మా, కర్నూల్లో పోయినాడంట, కాష్ఠం కూడా అయిపోయిందంట" అని ఏడ్చాను. ఏడుపు తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేకపోయింది.

వీధంతా కదిలి వచ్చింది. ఎదురింటి మాబున్నీసా పరుగెత్తుకుంటూ వచ్చి నా తల ఒడిలో పెట్టుకుంది. "శెట్టి యెంత మంచోడే, పండగొస్తే మా పిల్లోళ్లకు బెల్లం పంచుతాండె" అని నాకంటే గట్టిగా ఏడ్చింది. పదో రోజు బుగ్గవంక వాగు దగ్గరికి తీసుకుపోయి, వీధిలోని విధవలు చుట్టూ నిలబడి, నా గాజులు పగలగొట్టారు. బొట్టు చెరిపారు. తాళి తీసి పాలలో వేశారు. నీకు తాళి తీయడం అంటే ఏమిటో తెలియదు, అందుకే అంత తేలిగ్గా రాశావు. మెడ చల్లగా ఉంటుంది. చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది.

కేశవయ్య కూడా వచ్చాడు. బయానా కాగితం చేతిలోనే ఉంది. "ఏమమ్మా, ఇట్లయిపోయె! ఇంగ దస్తావేజు ఎవురు రాస్తారు?" అని కూలబడ్డాడు. తర్వాత వకీలును అడిగి వచ్చాడు. విధవకు మొగుడి ఆస్తిలో భాగం ఉంటుందని కొత్తగా చట్టం వచ్చిందట, నా సంతకం లేనిదే ఇల్లు ముట్టుకోనన్నాడు. నవ్వొచ్చింది నాకు. తాళి ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో ఒక ఇటుక మీద కూడా నాకు హక్కు లేదు. తాళి తీసిన వారానికి భాగం వచ్చింది.

ఇదంతా ఎన్నాళ్లు నిలుస్తుంది అని నువ్వు అనుకుంటావు. నిజమే, ఆయన వచ్చి వీధిలో నిలబడితే చాలు, నా మాట అబద్ధమని తేలిపోతుంది. రమ్మను. కడప స్టేషన్లో దిగి, వీధి మొదటి నుంచి నడుచుకుంటూ రమ్మను. ఈ జనం చుట్టూ మూగి "శెట్టీ, బతికుండి పెండ్లాం చేత తాళి తీయించినావా, ఎందుకప్పా?" అని అడుగుతారు. జవాబు ఆయనే చెప్పుకోవాలి. మాబున్నీసా చేతిలో చీపురు ఉంటే నేను ఆపలేను.

నేను కర్నూలుకు రావడం లేదు. నీ వెనక గది ఎవరికైనా ఇచ్చుకో. హాలు తుడవడానికి వేరే మనిషిని చూసుకో.

మన కులంలో వర్తకుడు పోతే ఏం చేస్తారో నీకు తెలిసే ఉంటుంది, పెద్ద ఇంటి పిల్లవు. కబురు తెలిసిన నాడే కడప వర్తక సంఘం వాళ్లు బజారు మూసేశారు. కర్మలన్నీ ముగిశాయని ఈ రోజు పొద్దున పెద్దలు వచ్చి పడసాలలో కూర్చుని, కర్నూలు సంఘానికి సంతాపం రాసి పంపుతామన్నారు. లక్ష్మీనరసయ్య శెట్టి పోయినందుకు అక్కడ కూడా ఒక పూట కొట్లు మూయాలని, మీ సంఘం తరఫున ఎవరైనా వచ్చి ఇక్కడ ఉన్న ఆయన ధర్మపత్నిని పలకరించి పోవాలని అందులో రాశారు. అక్కడి సంఘం పెద్ద మీ నాన్నగారేనట కదా, కాగితం ఆయన చేతికే పోతుంది. చదివి ఆయన ముందు అల్లుడి కొట్టుకు వస్తాడో, నీ దగ్గరికి వస్తాడో నాకు తెలియదు.

రాసేటప్పుడు గుమాస్తా కలం ఆపి, ధర్మపత్ని పేరు ఏమని రాయాలమ్మా అని అడిగాడు. చెప్పాను. తప్పు రాస్తాడేమోనని రెండోసారి కూడా చెప్పాను.

సుబ్బరత్నమ్మ